రకానికా, పీసుకా? బార్‌కోడ్ డేటాబేస్ ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

బెంగళూరులో మనవాళ్లు షాపు పెట్టినా, గోదాము నడిపినా, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో చిన్న తెలుగు లైబ్రరీ తెరిచినా, సరుకు కాస్త పెరగ్గానే అదే ప్రశ్న వస్తుంది: "బార్‌కోడ్ పెడదామనుకుంటున్నాం. ఎక్సెల్ చాలా, మైఎస్‌క్యూఎల్ కావాలా?" మైఎస్‌క్యూఎల్ అంటే సర్వర్ మీద నడిచే ఒక డేటాబేస్ సాఫ్ట్‌వేర్. డేటాబేస్ పని చేసేవాణ్ని కాబట్టి నన్నూ అడుగుతుంటారు. నేను జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేస్తాను. మీ స్టిక్కర్ మీది నంబరు దేన్ని చెప్తుంది? వస్తువు రకాన్నా, చేతిలో ఉన్న ఆ ఒక్క పీసునా? ఇది తేలకుండా ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా కొన్నాళ్లకు లెక్క తప్పుతుంది, తప్పు సాఫ్ట్‌వేర్ మీదికి పోతుంది.

రకం నంబరు, పీసు నంబరు

ఎస్పీ రోడ్డులో ల్యాప్‌టాప్ చార్జర్లు అమ్మే షాపు తీసుకోండి. ఒకే మోడల్ చార్జర్లు యాభై ఉంటే యాభైటి మీదా ఒకటే బార్‌కోడ్. కంపెనీ అచ్చువేసి పంపే ఆ 13 అంకెల ఈఏఎన్ నంబరు రకానిది, పీసుది కాదు. అది 890తో మొదలైతే ఆ నంబరు బార్‌కోడ్ నంబర్లు కేటాయించే జీఎస్1 ఇండియా సంస్థ ద్వారా వచ్చిందని మాత్రమే అర్థం. సరుకు ఇండియాలోనే తయారైందని చాలామంది అనుకుంటారు, అది తప్పు. కౌంటర్‌లో స్కాన్ చేస్తే ఈ మోడల్ ఒకటి అమ్ముడుపోయిందని తెలుస్తుంది. యాభైలో ఏది పోయిందో తెలియదు, అమ్మే షాపుకు ఆ గొడవ అక్కర్లేదు కూడా.

మారతహళ్లి వైపు పెళ్లిళ్లకు కెమెరాలు, లైట్లు, కార్డ్‌లెస్ మైకులు అద్దెకిచ్చే చోట లెక్క వేరు. "అన్నా, ఆ మూడో మైకు చార్జింగ్ నిలబడటంలే, దాన్ని పంపద్దు" అంటాడు మదనపల్లె నుంచి వచ్చిన కుర్రాడు. మైకులన్నీ ఒకే కంపెనీవి, ఒకే మోడల్. డబ్బా మీది బార్‌కోడ్ అన్నిటికీ ఒకటే. మూడోదాన్ని పక్కన పెట్టాలంటే దానికి మనమే ఒక నంబరు ఇచ్చి స్టిక్కర్ వేసుకోవాలి.

లైబ్రరీలో ఈ తికమక ఇంకా బాగా కనిపిస్తుంది. పుస్తకం వెనక 978తో మొదలయ్యే ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే నంబరు) బార్‌కోడ్ ఎలాగూ ఉంది కదా, అదే వాడేద్దాం అంటారు. అదే పుస్తకం రెండో కాపీ ఎవరో ఇచ్చేదాకా బాగానే నడుస్తుంది. ఆ తర్వాత ఎవరి దగ్గర ఏ కాపీ ఉందో చెప్పలేరు. లైబ్రరీల్లో ప్రతి కాపీకీ వేరే ప్రవేశ సంఖ్య వేసేది అందుకే. పాత పుస్తకాలకైతే బార్‌కోడే ఉండకపోవచ్చు, 2007కు ముందు వచ్చినవాటిలో ఐఎస్‌బీఎన్ ఉన్నా అది పది అంకెలదే.

కాబట్టి అమ్మి పంపేస్తే రకం నంబరు చాలు. తిరిగి మీ దగ్గరికే రావాలన్నా, వారంటీ చూడాలన్నా, రిపేరు చరిత్ర కావాలన్నా పీసు నంబరు తప్పదు. ఈ రెంటి మధ్య ఇంకొకటుంది: మందులు, తినే సరుకు. వాటికి ఒక్కో స్ట్రిప్పుకూ నంబరు అనవసరం, బ్యాచ్ నంబరూ ఎక్స్‌పైరీ తేదీ మాత్రం ఉండాలి.

చాలా షాపుల్లో ఇవి కలగలిసే ఉంటాయి. ల్యాప్‌టాప్‌లు పీసు లెక్కన, మౌసులు రకం లెక్కన. అలాంటప్పుడు ఒకే టేబుల్ (వరుసలూ కాలమ్‌లూ ఉన్న పట్టిక) పెట్టి, ల్యాప్‌టాప్ వరుసలో పరిమాణం 1 అని, మౌసు వరుసలో 40 అని రాసే డిజైన్ చూడ్డానికి సులువుగా ఉంటుంది. నేను దానికి ఒప్పుకోను. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ వరుసలో 1ని 2 చేస్తారు, ఆ రెండోదాని సీరియల్ నంబరు ఏ కాలమ్‌లోనూ ఉండదు. రెండు టేబుళ్లు పెట్టండి. 'రకాలు' టేబుల్‌లో పేరు, కంపెనీ, మోడల్, ధర, జీఎస్టీకి కావాల్సిన హెచ్‌ఎస్‌ఎన్ కోడ్. 'పీసులు' టేబుల్‌లో ఆ రకం ఏదో చూపే ఐడీ, సీరియల్ నంబరు, కొన్న తేదీ, ప్రస్తుత పరిస్థితి. రకం లెక్కన నడిచే సరుకుకు పీసుల టేబుల్‌లో వరుసలే ఉండవు, రకం పక్కన ఎక్కడ ఎన్ని ఉన్నాయనే నిల్వ టేబుల్ చాలు.

అద్దె షాపులో కేబుళ్లకు కూడా ఒక్కోదానికీ స్టిక్కర్ వేస్తామంటారు కొందరు. వద్దు. స్టిక్కర్ వేసే కూలీ, స్కాన్ చేసే సమయం కేబుల్ ధరకు మించిపోతాయి. కేబుళ్లన్నీ ఒక పెట్టెలో పెట్టి పెట్టెకు బార్‌కోడ్ వేయండి, లోపల ఎన్నున్నాయో అంకె రాసుకోండి.

బార్‌కోడ్ నంబరే ప్రైమరీ కీగా పెట్టొచ్చా?

ప్రైమరీ కీ అంటే టేబుల్‌లో ఒక్కో వరుసను గుర్తుపట్టే విలువ. బార్‌కోడ్‌ను అలా పెట్టొచ్చు, పెట్టి హాయిగా నడుపుతున్నవాళ్లూ ఉన్నారు. కానీ స్టిక్కర్ ఊడిపోతుంది. చిరుగుతుంది. ట్రైపాడ్ కాలికి వేసింది నాలుగు పెళ్లిళ్లు తిరిగేసరికి గీతలు అరిగిపోతాయి. అప్పుడు కొత్త నంబరుతో కొత్త స్టిక్కర్ వేస్తే పాత నంబరు మీదున్న అద్దె చరిత్రంతా కొత్తదానికి మార్చాలి. పాత నంబరునే మళ్లీ అచ్చువేద్దామంటే, ఊడిపోయిన స్టిక్కర్ ఏ పెట్టె అడుగునో దొరికి ఇంకో వస్తువుకు అంటుకుందంటే రెండు వస్తువులకు ఒకే నంబరు.

అందుకే నా ఎంపిక వేరే. ప్రతి వస్తువుకూ డేటాబేస్ తనంతట తాను ఇచ్చుకునే ఐడీ ఒకటి ఉండాలి, అది ఎవరికీ కనిపించనక్కర్లేదు. బార్‌కోడ్‌లు వేరే టేబుల్‌లో: నంబరు, అది చూపే వస్తువు ఐడీ, ఎప్పటినుంచి, ఎప్పటిదాకా. నంబరు కాలమ్‌కు యూనిక్ షరతు (ఒకే విలువ రెండుసార్లు రాకూడదని) పెట్టండి, ఒకసారి వాడిన నంబరు ఇంకెప్పుడూ ఇంకో వస్తువుకు పోదు. ఇంకో లాభమూ ఉంది. కార్టన్ మీద ఒక బార్‌కోడ్, లోపలి డబ్బా మీద ఇంకొకటి ఉండే సరుకులో రెండూ ఒకే రకాన్ని చూపుతాయి, ఒకటి 24 పీసులు, ఇంకొకటి ఒక్కటే. ఈ టేబుల్‌లో 'ఎన్ని' అనే కాలమ్ కలిపితే అది కూడా అయిపోతుంది.

బార్‌కోడ్‌ను ఏ షాపులోనైనా, ఏ డేటాబేస్‌లోనైనా టెక్స్ట్‌గా దాచండి, సంఖ్యగా వద్దు. దాంతో కూడికలూ తీసివేతలూ చేసేది లేదు. అమెరికా సరుకు మీద వచ్చే 12 అంకెల యూపీసీ నంబర్లు కొన్ని సున్నాతో మొదలవుతాయి, సంఖ్యగా దాచితే ఆ సున్నా మాయం. అదే యూపీసీని 13 అంకెల రూపంలో చదివితే ముందు ఇంకో సున్నా చేరుతుంది. ఒక స్కానర్ 12 అంకెలు పంపి, ఇంకో స్కానర్ 13 పంపితే మీ డేటాబేస్‌కు అవి రెండు వేర్వేరు సరుకులు. స్కానర్ సెట్టింగ్‌లు అన్నిటికీ ఒకేలా పెట్టుకోవాలి, లేదా దాచే ముందు 12 అంకెలవాటికి సున్నా కలిపి 13 చేయాలి.

ఎక్సెల్‌లో ఇది ఎలా జరుగుతుందో ఒకసారి చేసి చూడండి. మామూలు గడిలో 8901234567890 కొట్టండి. కాలమ్ వెడల్పు మార్చకపోతే 8.90123ఈ+12 అని కనిపిస్తుంది. లోపల నంబరు సరిగ్గానే ఉంది, టెన్షన్ అక్కర్లేదు. ఇప్పుడు ఫైలును సీఎస్‌వీగా (సాదా టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరవండి. సీఎస్‌వీలోకి వెళ్లేది కంటికి కనిపించిన రూపమే కాబట్టి గడిలో ఇప్పుడున్నది 8901230000000. చివరి అంకెలు పోయాయి, ఇక వెనక్కి రావు. ఇక 15 అంకెలు దాటితే సీఎస్‌వీ దాకా కూడా ఆగదు. ప్యాలెట్ల (సరుకు పేర్చే పలకల) మీద ఉండే 18 అంకెల నంబరు కొడితే చివరి మూడూ అక్కడికక్కడే సున్నాలవుతాయి. కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చి, ఆ తర్వాత స్కాన్ చేయడం ఒక్కటే దారి.

ఇప్పుడెక్కడుందో రాయాలా, ఎక్కడెక్కడ తిరిగిందో రాయాలా?

అసలు ఎంపిక ఇక్కడే ఉంది. సాఫ్ట్‌వేర్ పేరు ఆ తర్వాతి సంగతి.

మొదటి పద్ధతిలో పీసుల టేబుల్‌లోనే 'స్థితి' అని ఒక కాలమ్: షాపులో ఉంది, బయటికెళ్లింది, రిపేరులో ఉంది. స్కాన్ చేసినప్పుడల్లా ఆ గడి మారుతుంది. రెండో పద్ధతిలో ప్రతి కదలికా ఒక కొత్త వరుస: ఏ వస్తువు, ఏం జరిగింది, ఎక్కడినుంచి ఎక్కడికి, ఎవరికిచ్చారు, ఎవరు స్కాన్ చేశారు, ఎప్పుడు. బ్యాంకులో మీకు బ్యాలెన్స్ అంకె మాత్రం చెప్పి పాస్‌బుక్ ఇవ్వకపోతే ఎలా ఉంటుందో, మొదటి పద్ధతి అలా ఉంటుంది. లెన్స్ మీద గీత పడి వచ్చినప్పుడు అది ఈ వారం పార్టీ వల్లా, పోయిన వారం పార్టీ వల్లా అని తేల్చాలంటే స్థితి కాలమ్ ఏమీ చెప్పదు. డిపాజిట్‌లో కోత పెట్టాలంటే చేతిలో రికార్డు ఉండాలి.

ఒకే గదిలో ఉండే పాతిక ముప్పై వస్తువులైతే స్థితి కాలమ్ చాలు, నేను వాదించను. అంతకు మించితే కదలికలు రాయండి. రాసిన వరుసను దిద్దడం, చెరిపేయడం మాత్రం వద్దు. తప్పు స్కాన్ పడితే దాన్ని రద్దుచేసే ఇంకో వరుస రాయాలి.

అద్దె షాపుకూ లైబ్రరీకీ ఇందులోనే ఇంకో రూపం బాగా నప్పుతుంది. వెళ్లిన కదలిక ఒక వరుస, వచ్చిన కదలిక ఇంకో వరుస అని కాకుండా, ఒక్కో ఇవ్వడానికి ఒకే వరుస: ఇచ్చిన సమయం, తిరిగి రావాల్సిన సమయం, వచ్చిన సమయం. వచ్చిన సమయం ఖాళీగా ఉంటే వస్తువు ఇంకా బయటే. రాసిన వరుసను దిద్దొద్దన్న మాటకు ఆ ఖాళీని నింపడం ఒక్కటే ఇక్కడ మినహాయింపు. ఆలస్యమైనవి వెతకడం ఒక్క లైను పని. గోదాముకు ఇది నప్పదు, అక్కడ సరుకు వెళ్లినచోటినుంచి ఇంకోచోటికి పోతూనే ఉంటుంది, తిరిగి రావడం అనేదే ఉండదు.

శనివారం సాయంత్రం అద్దె షాపు ముందు నిలబడి చూస్తే ఈ డిజైన్‌కు అసలు పరీక్ష తెలుస్తుంది. రెండు టెంపోలు ఆగి ఉంటాయి, ఒకటి వైట్‌ఫీల్డ్ కల్యాణమంటపానికి, ఇంకొకటి హొసకోటె వైపు. ఇద్దరు కుర్రాళ్లు చెరో స్కానర్ పట్టుకుని చెరో ల్యాప్‌టాప్ ముందు. యూఎస్‌బీ స్కానర్ కంప్యూటర్ దృష్టిలో ఒక కీబోర్డు మాత్రమే. నంబరు టైప్ చేసి చివర ఎంటర్ కొడుతుంది. కర్సర్ వేరే గడిలో ఉంటే నంబరు వెళ్లి కస్టమర్ పేరు గడిలో పడుతుంది, కుర్రాడు 'బీప్' విని ముందుకెళ్లిపోతాడు. స్కాన్ అవగానే కర్సర్ తిరిగి అదే గడికి రావాలి, తెరమీద వస్తువు పేరు పెద్ద అక్షరాల్లో కనిపించాలి. ఇది డేటాబేస్ సంగతి కాకపోయినా డేటాబేస్‌లో చెత్త చేరేది ఎక్కువగా ఇక్కడినుంచే.

ఇక ఆ హడావుడిలో ఒకే మైకును ఇద్దరూ స్కాన్ చేస్తే? ప్రోగ్రామ్ ముందు 'ఇది షాపులో ఉందా' అని చూసి తర్వాత రాస్తే, ఇద్దరికీ ఉందనే జవాబు వచ్చే సందు ఉంది. ఆ సందును డేటాబేసే మూయాలి. మైఎస్‌క్యూఎల్ లాంటిదే అయిన పోస్ట్‌గ్రెస్‌లోనూ, సర్వర్ లేకుండా ఒకే ఫైలులో ఉండే ఎస్‌క్యూలైట్‌లోనూ షరతుతో కూడిన యూనిక్ ఇండెక్స్ పెట్టొచ్చు: వచ్చిన సమయం ఖాళీగా ఉన్న వరుసల్లో ఒక వస్తువు ఐడీ ఒక్కసారే ఉండాలి. రెండో స్కాన్‌ను డేటాబేస్ తిప్పికొడుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఇలాంటి షరతు ఇండెక్స్ నేరుగా లేదు. అక్కడ, వస్తువు బయట ఉన్నప్పుడు దాని ఐడీని, వచ్చేశాక నల్‌ను (ఖాళీని) చూపేలా డేటాబేసే నింపుకునే జనరేటెడ్ కాలమ్ ఒకటి పెట్టి దానికి యూనిక్ ఇండెక్స్ ఇవ్వాలి. నల్‌లు ఎన్నున్నా యూనిక్ అడ్డు చెప్పదు కాబట్టి పని జరుగుతుంది. ఈ ఒక్క కారణానికే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను పోస్ట్‌గ్రెస్ చెప్తాను.

మన పెళ్లిళ్ల ముహూర్తాలు తెల్లవారుజామునే ఉంటాయి కదా, అందుకని తేదీ ఒక్కటే రాస్తే సరిపోదు, సమయం కూడా కావాలి. క్లౌడ్ సర్వర్లు సాధారణంగా యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ సమయంలో నడుస్తాయి. ఆదివారం తెల్లవారి మూడింటికి ఇచ్చిన లైటు సర్వర్ గడియారంలో శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు ఇచ్చినట్టు పడుతుంది, రోజు అద్దె ఒకటి ఎక్కువో తక్కువో అవుతుంది. టైమ్‌జోన్‌ను కూడా లెక్కలోకి తీసుకునే తేదీ-సమయం కాలమ్‌లో దాచి, బిల్లు వేసేటప్పుడు మన సమయంలోకి మార్చండి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్

ఎక్సెల్, గూగుల్ షీట్స్: రకం లెక్కన కొన్ని వందల సరుకు, స్కాన్ చేసేది ఒకరే అయితే ఇది చాలు, ఇంతకు మించి ఖర్చుపెట్టొద్దు. ఎక్సెల్ షీటులో 10,48,576 వరుసలు పడతాయి, కానీ అంతదాకా పోకముందే ఎవరో ఒక కాలమ్‌ను మాత్రం సార్ట్ చేసి అంతా కలిపేస్తారు. యూనిక్ షరతులాంటిది పేరుకు పెట్టొచ్చు, పేస్ట్ చేస్తే ఎగిరిపోతుంది.

మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్: విండోస్ మీద ఒకే షాపుకు ఇప్పటికీ పనికొస్తుంది, ఫారాలు త్వరగా తయారవుతాయి. ఫైలు 2 జీబీ దాటకూడదు, బార్‌కోడ్ పనికి అది ఇబ్బందే కాదు. ఫోన్ నుంచి స్కాన్ చేయాలనుకుంటే మాత్రం ఇటు రావద్దు.

ఎస్‌క్యూలైట్‌ను జనం తక్కువ అంచనా వేస్తారు. ఒకే కంప్యూటర్, ఒకే ప్రోగ్రామ్ అయితే సర్వర్ గొడవ లేకుండా ఏళ్ల తరబడి నడుస్తుంది. ఒక క్షణంలో రాసేది ఒక్కరే, షాపు వేగానికి అది తెలియనే తెలియదు. అయితే ఆ ఫైలును నెట్‌వర్క్ షేర్‌లో పెట్టి మూడు కంప్యూటర్ల నుంచి తెరవకూడదు, లాకింగ్ (ఒకరు రాస్తుంటే ఇంకొకరిని ఆపడం) సరిగ్గా పనిచేయక ఫైలు పాడవచ్చు. రెండో స్కానర్ రెండో కంప్యూటర్‌కు వచ్చిన రోజున పోస్ట్‌గ్రెస్‌కో మైఎస్‌క్యూఎల్‌కో మారండి.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది, మీ పని ఇప్పటికే ఎవరైనా చేసి పెట్టారా అని. లైబ్రరీకి కోహా ఉంది, ఉచితం. న్యూజిలాండ్‌లో పుట్టి 2000 నుంచి వాడుకలో ఉంది. కాపీకో బార్‌కోడ్, ఇవ్వడం, తీసుకోవడం అన్నీ అందులోనే. నూటయాభై పుస్తకాల అపార్ట్‌మెంట్ లైబ్రరీకి అది ఏనుగంత, అక్కడ షీటు చాలు. ఆఫీసులో ల్యాప్‌టాప్‌లు, మానిటర్లు ఎవరి దగ్గరున్నాయో చూసుకోవడానికి స్నైప్-ఐటీ, ఇదీ ఓపెన్ సోర్సే. కొనుగోలు, అమ్మకం, సీరియల్ నంబర్లు, బ్యాచ్‌లు అన్నీ కలిపి కావాలంటే ఈఆర్‌పీనెక్స్ట్. టాలీలో ఖాతాలు రాసుకునేవాళ్లు ఖాతాలను అక్కడే ఉండనివ్వండి, ఏ మైకు ఏ మంటపంలో ఉందో మాత్రం వేరేగా చూసుకోండి. సొంతంగా కట్టుకోవాల్సింది మీ పని వీటిలో దేనికీ ఒదగనప్పుడే. పెళ్లి సామాను అద్దె చాలావరకు అలాంటిదే.

స్టిక్కర్ మీద ఏముండాలి

సొంత నంబర్లకు కోడ్ 128 అనే గీతల పద్ధతి వాడండి, అక్షరాలూ అంకెలూ రెండూ పడతాయి, కోడ్ 39 కంటే తక్కువ చోటు తీసుకుంటుంది. ఫోన్ కెమెరాతోనే పని నడిపేట్టయితే క్యూఆర్ మేలు, కొంత భాగం చెదిరినా చదువుతుంది. 890తో సొంతంగా నంబర్లు తయారుచేయకండి, అవి ఇంకెవరివో అయి ఉండొచ్చు. 13 అంకెలే కావాలంటే షాపు లోపలి వాడకానికి వదిలిన 20 నుంచి 29 దాకా ఉన్న అంకెలతో మొదలయ్యే నంబర్లు ఉన్నాయి. చివరి అంకె మిగతా పన్నెండు నుంచి లెక్కకట్టే చెక్ డిజిట్: ఎడమ నుంచి ఒకటి విడిచి ఒకటి 1తో, 3తో గుణించి కూడి, తర్వాతి పదికి ఎంత తక్కువో అది. 200000000001కు మొత్తం 5, కాబట్టి చెక్ డిజిట్ కూడా 5, నంబరు 2000000000015. స్టిక్కర్ చదవక చేత్తో కొట్టాల్సి వచ్చినప్పుడు ఒక అంకె తప్పితే ఇది పట్టేస్తుంది.

నంబరులో అర్థాలు ఇరికించడం కొందరికి సరదా: గోదాము కోడు, కొన్న ఏడాది, కంపెనీ, అన్నీ. రెండో గోదాము నుంచి మొదటిదానికి మార్చిన రోజు నుంచి ఆ నంబరు అబద్ధం చెప్తుంది. నంబరు నంబరుగానే ఉండాలి, వివరాలు డేటాబేస్‌లో ఉండాలి. అన్నట్టు, వేడికి నల్లబడే చౌక థర్మల్ స్టిక్కర్లను లైట్ల మీద వేయకండి. రిబ్బన్‌తో పాలిస్టర్ మీద అచ్చువేసేవి అడగండి.

స్టాక్ లెక్కింపు

దాదాపు అందరూ డిజైన్‌లో మరిచిపోయేది ఇది. ఏడాదికోసారో, దసరా ముందో అన్నీ బయటపెట్టి లెక్కిస్తారు. దానికి రెండు చిన్న టేబుళ్లు కావాలి. ఒకటి 'లెక్కింపులు': ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఏ చోట. రెండోది 'లెక్కలో కనిపించినవి': ఏ లెక్కింపు, ఏ పీసు, ఏ సమయంలో. స్కాన్ అన్నీ ఇక్కడే పడాలి, పీసుల టేబుల్‌ను లెక్కింపు తాకకూడదు. చివర రెంటినీ పోల్చితే మూడు జాబితాలు వస్తాయి: ఉండాలి కానీ కనిపించనివి, బయట ఉన్నాయని రాసి ఉన్నా షాపులోనే దొరికినవి, డేటాబేస్‌లో అసలు లేనివి. రెండో జాబితాలోవి తిరిగొచ్చినప్పుడు స్కాన్ చేయనివి, వెంటనే రిటర్న్ రాసేయొచ్చు. మొదటి జాబితాను మాత్రం అదే రోజు 'పోయినవి'గా మార్చకండి. లెక్క మొదలయ్యాక బయటికెళ్లినవి అందులో ఉంటాయి. లెక్కింపు మొదలైన, ముగిసిన సమయాల మధ్య ఇచ్చినవాటిని ముందు తీసేసి, మిగిలినవాటినే మర్నాడు ఇంకోసారి వెతికించండి.